సారథి లేని రథము

యంత్రములను గూర్చి వ్రాయుటకు ఈమె యెవరని మీలో గొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. నేను కళాశాల గడప త్రొక్కినదానను గాను. మా నాయనగారు వసారాలో గూర్చుండి చెప్పిన భారత భాగవతములే నా చదువు. మావారు బడిపంతులు. సూర్యాపేట జిల్లా మోతెలో మా కాపురము. అయినను ఈ యేడు నాకు దటస్థించిన యొక పనివలన, పాతబడిన కంప్యూటరును మరల నడిపించుట యెట్లో కొంత తెలిసికొంటిని. ఆ తెలివి మీలో నొక్కరికైనను అక్కఱకు వచ్చునేమో యను నాశతో నిది వ్రాయుచున్నాను.

మా నాయనగారు మిర్యాలగూడలో తెలుగు పండితులుగా నుండి, ఉద్యోగము విరమించిన పిదప 2012లో నొక కంప్యూటరు కొనిరి. అఱువది యేండ్లు దాటిన వయసున అక్షరములు కొట్టుట నేర్చుకొని, భాగవత కథలకు స్త్రీలకును బాలురకును బోధపడునట్టి వివరణము వ్రాయ మొదలిడిరి. మన యచ్చుపనివారు చిరకాలముగా వాడుచున్న పేజ్‌మేకరు అను ప్రోగ్రామును, ‘అను’ లిపులును వారికి నలవాటయ్యెను. నిరుడు వారు స్వర్గస్థులైరి. సంవత్సరీకము నాటికి ఆ వివరణమును చిన్న పొత్తముగా ముద్రించి బంధువులకు బంచవలెనని అన్నయ్యయు నేనును నిశ్చయించుకొంటిమి. ఆ కంప్యూటరు పెట్టెను బట్టలో జుట్టి, బస్సులో నొడిలో బెట్టుకొని, సూర్యాపేట మీదుగా మోతెకు దెచ్చుకొంటిని.

‘ఆ వ్రాతను క్రొత్త కంప్యూటరులోనికి మార్చుకొనరాదా?’ యని మీరడుగవచ్చును. నేనును మొదట నట్లే తలచితిని. కాని ‘అను’ వంటి పాత లిపులలో ఒక్కొక్క తెలుగు అక్షరపు ముక్క ఒక్కొక్క యింగ్లీషు అక్షరపు పీటమీద గూర్చుండును. ఆ లిపి లేని యంత్రములో తెఱచినచో తెలుగు మాయమై, పీటలు మాత్రము కనబడును. మావారి ల్యాప్‌టాపులో నాయనగారి ప్రహ్లాద చరిత్రమును దెఱచి చూడగా, అర్థము లేని యింగ్లీషు అక్షరములును, ప్రశ్నార్థకములును దప్ప మఱేమియు గానరాలేదు. కావున ఆ పాత యంత్రము బ్రదికిననే నాయనగారి మాట బ్రదుకును.

తీరా మీట నొక్కగా అది లేవలేదు. పట్టణమున నొక దుకాణమునకు గొనిపోతిమి. రెండు దినముల పిమ్మట అందలి యబ్బాయి విండోస్ 7ను మరల నెక్కించి యిచ్చెను. ఇంటికి దెచ్చి చూచితిమి గదా, తెరమీది అక్షరములు వంకాయలంత లావైనవి. పాట లేదు, మాట లేదు. ఇంటర్నెట్టు తీగె తగిలించినను లేదు. ప్రింటరు ఉన్నదన్న యెఱుకయే దానికి లేదు. అంతకంటె ఘోరమింకొకటి. నాయనగారు ముగించిన అధ్యాయములన్నియు ‘డి’ యను భాగములో భద్రముగనే యున్నవి కాని, కడపటి దినములలో వ్రాయుచుండిన గజేంద్ర మోక్షణమును మాత్రము ముందు తెరమీదనే యుంచుకొనిరి. ఆ తెర యిప్పుడు కడిగిన పలకవలె నుండెను.

నేను మరల దుకాణమునకు బోగా ఆ యబ్బాయి, “అక్కా, ఇది పాతదైపోయింది. దీనికి డ్రైవర్లు దొరుకయి. ఊకె పైసలు ఖరాబు చేసుకోకుండ్రి, కొత్తది తీసుకోండ్రి” అనెను. మావారును, “పోనిమ్ము, వాయిదాల మీద నొకటి కొందము. ఏల శ్రమపడెదవు?” అనిరి. “ఏమండీ, క్రొత్తది కొన్నంత మాత్రమున నాయనగారి అక్షరములు దానిలో గనబడునా? పది దినములు నాకు విడిచిపెట్టుడు” అని వేడుకొంటిని. వారు నవ్వి సరేయనిరి. ఎనిమిదవ తరగతి చదువు మా యమ్మాయి యింగ్లీషు చదివి చెప్పుటకు నాకు దోడయ్యెను.

మొదట ‘డ్రైవరు’ అననేమో తెలిసికొనవలసివచ్చెను. ఆ మాటకు సారథి యని యర్థము గదా. విరాటనగరమున ఉత్తరునికి రథమున్నది, గుఱ్ఱములున్నవి, ఆయుధములున్నవి, సారథి లేడు. మా కంప్యూటరు స్థితియు నదియే. తెర, ధ్వని, తీగె, ప్రింటరు అన్నియు జక్కగనే యున్నవి. కాని విండోస్ చెప్పు మాట వానికి దెలియదు. వాని భాష విండోస్‌కు దెలియదు. నడుమ నిలిచి ఒకరి మాట యింకొకరికి నందించు చిన్న ప్రోగ్రామే డ్రైవరు. విండోస్‌ను మరల నెక్కించునపుడు దానితో వచ్చు కొద్దిమంది సారథులు తప్ప తక్కినవారందఱు దిగిపోవుదురు. వారిని మరల వెదకి కూర్చుండబెట్టుట మన పని. వస్తువు చెడిపోలేదని తెలిసిన నాడే నాకు సగము ధైర్యము వచ్చెను.

ఎవరెవరికి సారథి లేడో చూపు పట్టిక యొకటి విండోస్‌లోనే కలదు. దాని పేరు డివైస్ మేనేజరు. ‘కంప్యూటర్’ అను గుర్తుమీద కుడిమీట నొక్కి, ‘మేనేజ్’ అనుదానిని ఎన్నుకొన్నచో కనబడును. దిక్కులేని పరికరముల ప్రక్క పసుపుపచ్చని యాశ్చర్యార్థకపు గుర్తు లుండును. మాకట్టివి ఆఱు కనబడినవి. పేరు ‘తెలియని పరికరము’ అనియే యున్నను, దాని ‘ప్రాపర్టీస్’ లోని ‘డీటెయిల్స్’ అను పుటలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ అని యడిగినచో అది తన ప్రవర చెప్పుకొనును. ‘వెన్’ అను మాట తరువాతి నాలుగక్షరములు చేసినవారి గోత్రము; ‘డెవ్’ తరువాతి నాలుగును వస్తువు పేరు. గోత్రము 8086 అనియున్న నది ఇంటెల్ వారిది. 1978లో వారు చేసిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరే వారి గోత్రమైనది. మా తీగె పరికరము ‘వెన్ 10ఈసీ, డెవ్ 8168’ అని చెప్పెను. అది రియల్‌టెక్ వారి సంతతి. గోత్రనామములు తెలిసిన పిమ్మట సంబంధము వెదకుట యెంత పని?

ఇంటర్నెట్టు తీగెకు సారథి కావలెనన్న నింటర్నెట్టులోనే తేవలెను. తాళపుచెవి పెట్టెలోనే యుండగా తాళము వేసికొన్న చందము. అందుచేత మావారి ల్యాప్‌టాపులో దింపి, పెన్‌డ్రైవు మీద దేవలసివచ్చెను. ఆ పెన్‌డ్రైవును ముందున్న నీలిరంగు రంధ్రములో బెట్టగా ఉలుకు లేదు, పలుకు లేదు. అదియు చెడినదని దుఃఖించితిని. తరువాత దెలిసినదేమన, నీలిరంగుది యు.యస్.బి. 3.0 జాతిది, విండోస్ 7తో దానికి సారథి పుట్టుకతో రాడు. విండోస్ 8 మొదలుకొనియే అట్టివాడు వెంట వచ్చుచున్నాడు. వెనుకనున్న నల్లని రంధ్రములో బెట్టగా పెన్‌డ్రైవు వెంటనే పలికెను.

ఇచ్చట నేను చేసిన యొక పొరపాటు దాచక చెప్పవలెను. డ్రైవర్లన్నియు నొక్క మాటలో వెదకి తెచ్చెదమని ప్రకటన యిచ్చుకొన్న యొక ప్రోగ్రామును నమ్మి తెచ్చి నడిపించితిని. అది తెరనిండ ఎఱ్ఱని గుర్తులు నింపి, ముప్పదియేడు దోషములున్నవనియు, రూపాయలు కట్టినగాని తీర్చననియు భయపెట్టెను. పనికిమాలిన చెత్త చాల పేరుకొన్నది, దానిని మాత్రము ఉచితముగా నూడ్చివేయుదును, నొక్కుమనెను. ఉచితము గదా యని నేను వ్రేలు చాచితిని. ఇంతలో అమ్మాయి, “ఆగమ్మా! ఆ చెత్తలో విండోస్ ఓల్డ్ అని యేదో ఉన్నది. అదేమిటో చూతము” అని నా చేయి పట్టుకొనెను.

అది చూచిన పిదప నా చేతులు వణకినవి. దుకాణమువారు పాత విండోస్ మీదనే, తుడిచివేయకుండ, క్రొత్తదానిని ఎక్కించినచో పాత సామగ్రియంతయు ‘విండోస్ ఓల్డ్’ అను నొక సంచిలో మూటకట్టి ‘సి’ భాగమున నుంచబడునట. ఆ సంచి తెఱవగా మీకు అనుమతి లేదని యొక మాట వచ్చెను. ‘కంటిన్యూ’ అని నొక్కగా దారి యిచ్చెను. అందులో ‘యూజర్స్’, దానిలో నాయనగారి పేరు, దానిలో ‘డెస్క్‌టాప్’, దానిలో గజేంద్ర మోక్షణము. ఒక్క మీట నొక్కియుండిన యెడల, తండ్రి కడపటి వ్రాతను కన్నకూతురే చెత్తయని యూడ్చివేసియుండును! అప్పుడు నాకు శల్యుడు జ్ఞప్తికి వచ్చెను. కర్ణుని రథమునకు సారథి యయ్యె గాని, రథికుని ధైర్యమునే హరించెను. సారథి లేకుండుట కొఱత. శల్యుని వంటి సారథిని దెచ్చుకొనుట వినాశము. ఆ ప్రోగ్రామును వెంటనే తొలగించి, నాయనగారి వ్రాతలన్నిటిని మొదట రెండు పెన్‌డ్రైవులకు ప్రతులు తీసికొంటిమి. సోదరీమణులారా, ఏ మరమ్మతుకైనను ఇది మొదటి పని కావలెను. నేను దానిని నాలుగవ పనిగా జేసితిని. దైవము నన్ను గాపాడెను.

అటుపిమ్మట డ్రైవరులను చేసినవారి స్వంత పుటలనుండియే తెచ్చితిమి. కంప్యూటరు లోపలి పెద్ద పలకమీద దాని పేరు అచ్చువేసియుండును. ఆ పేరుతో వెదకగా ఆ చేసినవారి పుటలో విండోస్ 7 సామగ్రి దొరకెను. మొదట తెచ్చినది 64 బిట్లది. మా యంత్రములో నున్నది 32 బిట్ల విండోస్. కావున అది నిరాకరించెను. ‘ఎక్స్64’ అనిన మొదటిది, ‘ఎక్స్86’ అనిన రెండవది యని తెలిసికొని మరల దెచ్చితిమి. ముందు చిప్‌సెట్టుకు, పిదప తీగెకు, తెరకు, ధ్వనికి వరుసగా ఎక్కించి, ఒక్కొక్కటి ముగియగానే యంత్రము నార్పి వెలిగించుచు వచ్చితిమి. తెర సారథి యెక్కగానే వంకాయలంతటి అక్షరములు ఆవగింజలవలె సన్నగిల్లినవి. పట్టికలో పసుపు గుర్తులొక్కటొక్కటిగ తొలగుచుండగా, నోము ఉద్యాపన చేసినంత తృప్తి కలిగెను.

తీగె పలికినది కాని పుటలు తెఱచుకొనవు. ఇది నమ్మదగిన చోటు గాదని హెచ్చరించును. కారణమెంత చిన్నది! గడియారము 2012 జనవరి 1వ తేదీ చూపుచున్నది. లోపల నాణెమువంటి సి.ఆర్. 2032 బ్యాటరీ యొకటి యుండును. అది యెండిపోయినచో, కరెంటు తీసిన ప్రతిసారియు కంప్యూటరు కాలము మఱచును. ఇంటర్నెట్టులోని స్థలములు చూపు ధ్రువపత్రములకు ఆరంభదినము, అంత్యదినము ఉండును. 2012లో నున్నాననుకొను యంత్రమునకు నేటి పత్రము లింకను పుట్టనివిగా దోచును. గడియారములు బాగుచేయువాని యొద్ద ఆ బిళ్ళ దొరకెను. తేదీ సరిచేసిన వెంటనే అనేక పుటలు తెఱచుకొన్నవి.

ఇక అప్‌డేటుల కథ. విండోస్ 7 వెలువడినది 2009 అక్టోబరు 22న. తరువాతి యేండ్లలో బయటపడిన లోపములకు మైక్రోసాఫ్ట్ వారు అతుకులు వేయుచు వచ్చిరి. క్రొత్తగా నెక్కించిన విండోస్‌లో అవి యేవియు లేవు. వెదకుమని చెప్పగా గంటసేపు త్రిప్పి త్రిప్పి, తప్పు సంఖ్యయొకటి చూపి యూరకుండెను. ముద్రారాక్షస కథ మీరెఱుగుదురు గదా. ఒక్క యుంగరపు ముద్ర పరులచేత బడినందున మంత్రి రాక్షసుని ప్రయత్నమంతయు తలక్రిందులయ్యెను. అప్‌డేటులకును అట్టి ముద్ర కలదు. పూర్వము షా-1 అను ముద్ర వేసెడివారు. దానిని దొంగముద్రగా సృష్టింపవచ్చునని 2017లో పరిశోధకులు చేసి చూపిరి. అందుచే మైక్రోసాఫ్ట్ వారు 2019లో షా-2 అను క్రొత్త ముద్రకు మాఱి, 2020లో పాత ముద్రతో నడచు దారిని మూసివేసిరి. మా విండోస్‌కు క్రొత్త ముద్రను గుర్తించు నేర్పు లేదు; ఆ నేర్పు నిచ్చు అప్‌డేటో, మూసిన దారికి ఆవల నున్నది.

దీనికి మందు రెండు మాత్రలు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగు అను పుటలో కేబీ 4490628, కేబీ 4474419 అను సంఖ్యలతో వెదకి, మన బిట్లకు దగిన ప్రతులను వేఱొక కంప్యూటరులో దింపి, పెన్‌డ్రైవు మీద దెచ్చి, ఈ వరుసలోనే ఎక్కింపవలెను. ఇవి కూర్చుండవలెనన్న 2011లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1 ముందే యుండవలెను, మాకది యుండెను. రెండును ఎక్కి, యంత్రము మరల వెలుగగానే అప్‌డేటుల పట్టిక బారులు తీరి నిలిచెను. వంటయింటి పని చూచుకొనుచు, నడుమ నడుమ వచ్చి నొక్కుచు, రెండు దినములలో ముగించితిని.

కడపట ప్రింటరు. అలవాటు చొప్పున ముందే తీగె తగిలించితిమి. విండోస్ తనకు దోచిన పేరేదో పెట్టి పనికిరాకుండ చేసెను. ఆ పేరును పట్టికనుండి తొలగించి, తీగె పీకి, చేసినవారి ప్రోగ్రామును ముందుగ నడిపించి, అది యడిగినప్పుడే తీగె పెట్టగా ప్రింటరు గొంతు సవరించుకొని మేల్కొనెను. నాయనగారి పెట్టెలోనున్న బిళ్ళలనుండి పేజ్‌మేకరును, లిపులను ఎక్కించితిమి. అధ్యాయము తెఱవగా ఇంగ్లీషు పీటలమీద తెలుగు అక్షరములు మరల వచ్చి కూర్చుండెను. మావారు వెనుక నిలిచి చూచుచు, “నీవు బృహన్నలవే” అనిరి. ఆ మాటకు మా యమ్మాయి విరగబడి నవ్వెను.

అయితే రథము నడచినంత మాత్రమున యుద్ధమునకు దోలరాదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సంరక్షణ 2020 జనవరి 14తో ముగిసెను. మేము ఎక్కించిన అతుకులు పాత చిరుగులకే గాని, ఇటీవలి చిరుగులకు గావు. కాబట్టి పని తీరగానే ఇంటర్నెట్టు తీగె తీసివేసితిమి. బ్యాంకు లెక్కలు గాని, ఆధారు కాగితములు గాని దానిలో ముట్టుకొనము. అది వ్రాతకును ముద్రణకును మాత్రమే. ఇట్టి కాలగతి అన్నిటికిని వచ్చుచునే యున్నది. ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8న వచ్చెను. మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ళగారు ఆ సంస్థకు పెద్దయై అప్పటికి రెండు నెలలు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14న వచ్చెను. గృహస్థులు పేరు నమోదు చేసికొన్నచో 2026 అక్టోబరు 13 వఱకు గడువిచ్చిరి. విండోస్ 11 టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, కొంత క్రొత్త ప్రాసెసరును గోరును. కావున చక్కగ నడచుచున్న యంత్రములు పెక్కిండ్లలో నిట్టి స్థితికి వచ్చును. పాతదియని పాఱవేయుటకు ముందు, దానిలో నెవరి చేతివ్రాత యున్నదో యొకసారి చూచుకొనుడు. దుకాణమున కిచ్చునపుడు, ‘తుడువవద్దు, ముందు ప్రతి తీయుము’ అని కాగితముమీద వ్రాసి యిండు.

మఱియొక జాగ్రత్త. నాయనగారి వ్రాతనంతయు యూనికోడు లిపిలోనికి మార్చుచున్నాను. అందులో తెలుగక్షరములకు 1991 నుండియు స్వంత పీటలు కలవు. ఏ యంత్రములోనైనను తెలుగు తెలుగుగనే కనబడును. మార్చు ప్రోగ్రాములున్నను ఒత్తులు, శకటరేఫములు అచ్చటచ్చట తప్పుచుండును గాన ప్రతి పంక్తియు పోల్చి చదువవలెను. రోజునకు రెండు పుటలు సాగుచున్నవి. ఆ చదువుటలో నాయనగారు మరల వసారాలో గూర్చుండి పాఠము చెప్పుచున్నట్లే యున్నది.

సంవత్సరీకము నాటికి నూఱు ప్రతులు సిద్ధమయ్యెను. గజేంద్ర మోక్షణము మాత్రము, ఏనుగు బలము సన్నగిల్లి, లావు చాలదని తెలిసికొన్నచోట ఆగిపోయినది. మొఱపెట్టుకొనుటయు, స్వామి వచ్చుటయు నాయనగారు వ్రాయలేదు. అన్నయ్య, “నీకు నాయన పాఠము వచ్చును గదా చెల్లీ, నీవే పూర్తిచేయుము” అనెను. నేనొప్పుకొనలేదు. మిగిలిన సగము పుటను తెల్లగనే విడిచితిమి. తరువాతి కథ మన యిండ్లలో నెఱుగనివా రెవరు? ఆనాడు పుస్తకము చేతికిచ్చినప్పుడు మా యమ్మగారు ఆ తెల్లని చోటు మీద చేయి వేసి, తక్కిన కథను తానే పిల్లలకు చెప్పినది.